చెయ్యెత్తితే ఆగే బ్యాండు

కహ్కషాన్‌కు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ వస్తువును చూసినా అది ఎందుకలా ఉందో తెలిసేదాకా ఆమెకు అన్నం సహించదు. ఇంట్లో రేడియో విప్పి మళ్ళీ బిగించలేక దెబ్బలు తిన్నది. కుట్టుమిషనులో కింది దారం ఎక్కడి నుంచి వస్తుందో చూడబోయి వేలికి సూది దింపుకుంది. బడిలో పంతులమ్మను ఎందుకు, ఎందుకు అని అడిగీ అడిగీ బెంచీ ఎక్కింది. తల్లి కుబ్రా బీ విసిగిపోయి, ‘దీనికి అమ్మా అనుడు రాకముందే ఎందుకు అనుడు వచ్చింది’ అని వచ్చిన చుట్టమల్లా వినేలా చెప్పుకునేది. అలాంటి మనిషి తన చేత్తో తాను చేసిన ఒక వస్తువు దగ్గర మాత్రం ఏమీ అడగకుండా ఊరుకుంది. సొంత పనిని అనుమానించడం ఎవరికైనా కష్టమే కదా.

ఆ వస్తువు ఒక వెబ్‌సైటు. జనగామ స్టేషను రోడ్డులో తిరుపతి అనే ఆయన నడిపే గ్రాఫిక్స్ దుకాణంలో ఆమె పనిచేసేది. పెళ్ళిపత్రికలు, దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీలు. తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన ఆ రోజుల్లో అయితే ధర్నాల కరపత్రాలు. డిగ్రీ చదువు మధ్యలో ఆగింది గానీ కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగేవి కావు. తెలుగు అక్షరాలకు నీడలు వేసి, అంచులు కట్టి, బంగారు రంగు పూసి ఆమె తయారుచేసిన పత్రికలను రఘునాథపల్లి నుంచి తరిగొప్పుల దాకా జనం బీరువాల్లో దాచుకునేవారు. తిరుపతి నోరు పెద్దది, మెచ్చుకోవడం తక్కువ. ఆయన కూడా ‘కహ్కషాన్ అక్షరం పెడితే పెండ్లిపిల్ల నగ పెట్టుకున్నట్టుంటది’ అనేవాడు.

తండ్రి ఫకీర్ అహ్మద్‌ది బ్యాండు మేళం. ఎర్రకోటు, ఎంత సర్దినా ఎడమ పక్కకు ఒరిగే టోపీ, చేతిలో క్లారినెట్. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా ఆయన వాయిస్తేనే బరాత్ కదిలేది. ఆయనకొక పద్ధతి ఉంది, ఆయన తండ్రి నుంచి వచ్చింది. పెళ్ళింటికి చప్పుడు లేకుండా పోకూడదు. గల్లీ మొదట్లో అడుగు పెట్టగానే మోత మొదలు కావాలి. ఇంటివాళ్ళు ఇంకా పీటలు వెతుక్కుంటున్నా సరే, దీపాలు పెట్టకపోయినా సరే, బ్యాండు వచ్చిందని ఊరికి తెలిసిపోవాలి. ఆ మోత ఆపే హక్కు ఒక్కరికే ఉంటుంది. ఆ ఇంటి పెద్దమనిషి గడపలో నిలబడి చెయ్యి ఎత్తాలి. చెయ్యి లేచిందా, ఊదేవాడు ఊదుతున్న చోటే, కొట్టేవాడు కొట్టబోయిన చోటే ఆగిపోవాలి. అందులో ఫకీర్ అహ్మద్ మహా పట్టుదల మనిషి. చెయ్యి లేచాక ఒక్క దెబ్బ ఎక్కువ పడిందని డోలు కొట్టేవాణ్ణి ఆ పూట భోజనానికి ఆఖరున కూర్చోబెట్టిన రోజులున్నాయి.

అయితే ఆ మోతకు రోజులు బాగాలేవు. డీజే పెట్టెలు ట్రాక్టరెక్కి ఊళ్ళలోకి వచ్చేశాయి. దానికి తోడు బంద్‌లు, రాస్తారోకోలు. ఆ పైన సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో, పంతుళ్ళు శిబిరాల్లో, ఆఫీసులకు తాళాలు. పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు కూడా బరాత్ మాట ఎత్తకుండా నలుగురినీ పిలిచి తాళి కట్టించేశారు. ఫకీర్ అహ్మద్‌కు ఉద్యమం మీద కోపం లేదు. దీక్షా శిబిరాల దగ్గరికి తనే మేళం తీసుకుపోయి ఊరికే వాయించి వచ్చేవాడు. ఇంటికొచ్చాక మాత్రం క్లారినెట్ పెట్టె తెరిచి చూసి, మళ్ళీ మూసి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

ఒక మాపటేళ ఆ కూర్చున్నవాడు కూర్చున్నట్టే అసలు సంగతి బయటపెట్టాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. మనం తెలుగులో వింటే నష్టం లేదు.

“పెంబర్తి ఇత్తడి సేటుకు మాటిచ్చిన. కార్తీకంల పెండ్లిళ్ళున్నయి. గప్పటికి బుకింగులు రాకుంటె బాజాలన్నీ ఆయన తూకమేసుకొని తీస్కపోతడు. కార్తీకం పోతె మొహర్రం, నేనెట్లాగూ బాజ ముట్ట. మేళం పిలగాండ్లను పని లేకుంట ఇంకెన్ని దినాలు ఆపాలె?”

“తూకమేసుకొని ఏం జేస్తడు అబ్బా?” అంది కహ్కషాన్ తండ్రితో. అడగకుండా ఉండలేని మనిషి కదా.

“కరిగిస్తడు. కుందులు జేస్తడట దీపాలకు. మంచిదేనాయె, ఎలుగన్న ఇస్తయి.”

కుబ్రా బీ చెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ బాజాల మధ్యనే కహ్కషాన్ పాకింది, పెద్ద బాకా నోట్లో తలపెట్టి పడుకుంది. అవి కుందులైపోయిన ఇంటిని ఊహించుకోవడానికి కూడా ఆమెకు మనసు రాలేదు. అన్నిటికన్నా ఆమెను తినేసిన సంగతి వేరే ఉంది. బుకింగులు రావాలనే కదా, ఎండాకాలంలోనే తాను అంత కష్టపడి బ్యాండుకు వెబ్‌సైటు చేసింది! అది ఎందుకు పనిచేయలేదు?

సైటు చూడ్డానికి కన్నుల పండుగగా ఉండేది. పత్రికల మీద వేసే సొగసైన అక్షరాలు వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలుగా కనబడతాయని ఆమెకు తెలుసు. దానికి గ్రాఫిక్స్ వాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే చేసింది: పత్రికలాగే పేజీ అంతా దిద్ది, మొత్తాన్ని బొమ్మగా మార్చి పెట్టింది. బ్యాండు పేరు బొమ్మ, వాయించే పాటల పట్టిక బొమ్మ, ఫోన్ నంబరు కూడా బంగారు అంచు ఉన్న బొమ్మ. ఇక తండ్రి పద్ధతి తప్పకూడదు గనుక, సైటు తెరవగానే ఎవరూ ఏదీ నొక్కకుండానే మేళం మోగేలా చేసింది. ఫకీర్ అహ్మద్ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, తన క్లారినెట్ కంప్యూటర్లోంచి వస్తుంటే కళ్ళు తుడుచుకున్నాడు. “గిది బ్యాండంటె. గల్లీ మొగదల్నే మోగింది” అన్నాడు.

పేజీ అడుగున ఎంతమంది వచ్చి చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది. తాను చేసే ప్రతి పెళ్ళిపత్రిక అడుగున ఆమె సైటు పేరు వేస్తుండటంతో అది పెరుగుతూనే ఉంది. ఫోను మాత్రం మోగదు. జనం వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. తలుపు దాకా వచ్చినవాళ్ళు పిలవకుండా ఎందుకు మళ్ళిపోతున్నారు?

ఒకసారి పక్కనున్న నెట్ సెంటర్‌లో ఆమె కళ్ళముందే జరిగింది. ఎవరో ఒకాయన పెళ్ళి పనుల మీద వచ్చి కూర్చుంటే ఆమే సైటు పేరు చెప్పి తెరిపించింది. తెరిచీ తెరవగానే మేళం గుప్పుమంది. పరీక్ష ఫలితాలు చూసుకుంటున్న పిల్లలంతా తల తిప్పి చూశారు. ఆ పెద్దమనిషి ఎలుకను (అదే, మౌసును) అటూ ఇటూ ఈడ్చి, ఏం ఆపాలో తెలియక, చివరికి కంప్యూటర్ తీగే పీకేసి లేచిపోయాడు. కహ్కషాన్ పగలబడి నవ్వింది. నవ్విందే గానీ ఎందుకని అడగలేదు.

అడిగించిన మనిషి మహబూబాబాద్ నుంచి ఫోన్ చేసింది. సమ్మె మధ్యలో, పని లేక తిరుపతి కూడా దుకాణం ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్న ఒక పొద్దున. కహ్కషాన్ ఇంట్లోనే ఉంది; సైటులో పెట్టింది ఆమె నంబరే.

“ఫకీర్ అహ్మద్ బ్యాండోళ్ళేనా? చెల్లే, గా బ్యాండు జర ఆపరాదూ. నాకు మాట వినబడ్తలేదు.”

ఫోన్లో వెనక నుంచి మేళం నిజంగానే మోగుతోంది. ఈమె ఎవరో ఏదో ఊరేగింపులో నిలబడి మాట్లాడుతోంది కాబోలు అనుకుంది కహ్కషాన్.

“మేం ఇంట్లనే ఉన్నమక్క. మా బ్యాండు యాడ మోగుతలేదు.”

“నా కంప్యూటర్ల మోగుతున్నది. మీ సైటే. ఎట్ల ఆపాలె?”

ఆమె పేరు రాజీ. మహబూబాబాద్ దగ్గర తండా ఆమెది. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాదులో అంధుల బడిలో చదివి, మహబూబాబాద్‌లో ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా చేస్తోంది. తమ్ముడు దస్రుకు కార్తీకంలో పెళ్ళి. తల్లి లేని ఇంటికి పెద్దదిక్కు తనే కాబట్టి మేళం కుదిర్చే పని తనదే; ఏదో పెళ్ళిపత్రిక మీదున్న సైటు పేరు ఎవరో చదివి చెబితే తెరిచింది. కంప్యూటర్లో ఉన్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తన దగ్గర ఉందని, రైలు టైములు మొదలు పేపరు వార్తల దాకా అన్నీ దానితోనే చదువుకుంటానని ఆమె చెబుతుంటే కహ్కషాన్ కుర్చీ అంచుకు జరిగింది.

“కంప్యూటర్ చదువుతదా? ఎట్ల చదువుతదక్కా? ఆడగొంతా, మగగొంతా? తెలుగు గూడ వస్తదా?”

“అన్నీ చెప్త. ముందుగాల నా సంగతి విను. మీ సైటు తెరిస్తె బాజ మోగుతది, నా కంప్యూటర్ మాట దాని కింద మునిగిపోతది. చెవులు రిక్కించి వింటె ఒకటే మాట. బొమ్మ, బొమ్మ, బొమ్మ. గింతే. ఫోన్ నంబరు గూడ మా బ్యాంకు గేటు కాడుండేటాయనను బతిమాలి చదివించుకున్న. మీరు ఏమేం పాటలు వాయిస్తరు, ఎంతమంది వస్తరు, తండా దాక వస్తరా రారా, ఏది తెల్వలే. మా తమ్మునికి ఏమని చెప్పాలె నేను?”

“నన్నడుగుండ్రి అక్క, నేను చెప్త.”

“నువ్వు చెప్తవు చెల్లే. గని అందరు చూసి, నలుగురిని పోల్చుకొని, నచ్చినోళ్ళను పిలుస్తరు. నేనెందుకు ప్రతిదానికి ఒకలను అడుక్కోవాలె? సరే, చూస్త మరి” అని రాజీ పెట్టేసింది.

ఆ ‘చూస్త మరి’ అన్న మాట కహ్కషాన్ చెవిలో మిగిలిపోయింది. కార్తీకంలో దక్కవలసిన పెళ్ళి ఒకటి తలుపు దాకా వచ్చి మళ్ళిపోయింది. అంతకన్నా, కంప్యూటర్ చదువుతుందట! అది ఎలా చదువుతుందో వినకుండా ఆమెకు ఇక నిద్ర పట్టదు. వచ్చిన నంబరుకే మళ్ళీ ఫోన్ చేసి, ఆదివారం వస్తానంది. బస్సులు లేకపోయినా రైళ్ళున్నాయి. ఆ ఆదివారం తిరుగుతున్నాయో లేదో స్టేషనుకు పోయి కనుక్కుని మరీ ఎక్కింది.

రాజీ అద్దెగది స్టేషనుకు దగ్గరే. చిన్నగది, గచ్చు మీద చాప, బల్ల మీద పాత కంప్యూటర్. దాని తెర మీద గుడ్డ కప్పి ఉంది. “దుమ్ము పడకుంటనా అక్కా?” అని అడిగింది కహ్కషాన్.

“తెరతోని నాకేం పని? కరెంటు దండుగని బంద్ చేసిన” అంది రాజీ. ఆమె వేళ్ళు కీబోర్డు మీద పడగానే స్పీకర్లోంచి ఒక గొంతు గడగడా మొదలుపెట్టింది. అది మాట్లాడుతోందో, శనగలు వేయిస్తోందో కహ్కషాన్‌కు మొదట అర్థం కాలేదు. రాజీ దాని వేగం తగ్గించింది. ఇంగ్లీషు బాగానే ఉంది. తెలుగు పేపరు తెరిస్తే, ముక్కు పట్టుకుని మాట్లాడినట్టుగా ఉన్నా, మాటమాటా తెలుస్తోంది. ఒక మీట నొక్కితే హెడ్డింగు నుంచి హెడ్డింగుకు దూకుతోంది. ఇంకో మీట నొక్కితే వార్త మొత్తం వినిపిస్తోంది. కళ్ళున్న తనకు అంత పేపరు తిరగేయడానికి పట్టే సమయంలో సగం కూడా ఆమెకు పట్టడం లేదు.

“అక్షరం అక్షరంలెక్క ఉంటె నాకు ఏ రంది లేదు చెల్లే. ఇగ మీది విను.”

రాజీ బ్యాండు సైటు తెరిచింది. ఫకీర్ అహ్మద్ క్లారినెట్ గది నిండా విరుచుకుపడింది. దాని కింద ఎక్కడో, పిండిగిర్నీలో పడి అరుస్తున్న మనిషిలా ఆ గొంతు ఏదో అంటోంది. రాజీ చెయ్యి పైకెత్తి, గాలిలో అలాగే పట్టుకుని, “ఆగవయ్యా, జర ఆగు, నా మాట విను” అంది నవ్వుతూ. మేళం ఆగలేదు.

కహ్కషాన్ నవ్వలేకపోయింది. తండ్రి వాయిద్యం మీద జీవితంలో మొదటిసారి ఆమెకు కోపం వచ్చింది. ఆ వెంటనే తన మీద తనకు సిగ్గేసింది. ఇంటి పెద్దమనిషి చెయ్యెత్తింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఫకీర్ అహ్మద్ బ్యాండు ఆగలేదు.

అప్పుడు గుర్తుకొచ్చాడు, నెట్ సెంటర్‌లో తీగ పీకి లేచిపోయిన పెద్దమనిషి. ఆయనకు కళ్ళున్నాయి, కానీ ఆయన పరిస్థితీ ఇదే కదా! ఆఫీసులో తెరిచినవాడు, పిల్లను నిద్రపుచ్చి తెరిచిన తల్లి, పక్కన నలుగురున్నప్పుడు తెరిచిన వాళ్ళు, వీళ్ళంతా ఏం చేసి ఉంటారు? ఉలిక్కిపడి మూసేసి ఉంటారు. పేజీ అడుగున పెరిగిన ఆ అంకె మనుషులది కాదు, ఉలికిపాట్లది.

“ఇంకొకటి అడుగుతనక్కా. జనగామ బ్యాండు మేళం అని గూగుల్‌ల కొడితె మా పేరు రాదు. ఎందుకు రాదు?”

రాజీ పకపకా నవ్వింది. “గూగులుకు గూడ కండ్లు లేవు చెల్లే, నా తీరే. బొమ్మల ఏమున్నదో దానికేం ఎరుక? అక్షరముంటె చదువుతది, చదివితె నలుగురికి చెప్తది. నాకు చదవరానిది దానికీ రాదు.”

తిరుగు రైల్లో కహ్కషాన్ కిటికీ పక్కన కూర్చుని వేళ్ళతో గాలిలో కీబోర్డు కొడుతూనే వచ్చింది. ఎదుటి సీటు ముసలమ్మ ఈ పిల్లకు ఏమన్నా సోకిందేమో అన్నట్టు చూసి, సంచి ఒళ్ళోకి లాక్కుంది.

పని అనుకున్నంత సులువు కాలేదు. బొమ్మలన్నీ తీసేసి, ఏ కంప్యూటర్లోనైనా కనబడే యూనికోడ్ తెలుగులో అంతా మళ్ళీ కొట్టాలి. ఆ కీబోర్డు వేరు. ఇన్నేళ్ళు అలవాటైన వేళ్ళు ‘క’ కొట్టబోయి ఇంకేదో కొట్టేవి. కొట్టాక చూస్తే నీడల్లేవు, అంచుల్లేవు, అక్షరాలు బడిపిల్లల యూనిఫాంలో నిలబడినట్టున్నాయి. తిరుపతి వచ్చి చూసి మూతి విరిచాడు.

“నగలన్నీ ఒలిచినవేంది తల్లీ? గిట్లుంటె ఎవడు చూస్తడు?”

“చూసుడు కాదన్నా, చదవాలె” అంది కహ్కషాన్. అని, ఆ పేజీని తన చిన్న ఫోన్లో తెరిచి చూపించింది. ఎండాకాలంలో చేసిన పేజీ ఆ ఫోన్లో తెరుచుకునేలోగా చాయ్ చల్లారిపోయేది. ఇది చప్పున వచ్చేసింది. ఫోన్ నంబరును వేలితో నొక్కితే నేరుగా కలుస్తోంది కూడా. తిరుపతి తన ఫోన్లో తీసి చూశాడు, పెట్టాడు, మళ్ళీ తీసి చూశాడు. మరునాడు తన దుకాణానికి కూడా ఇలాంటిది ఒకటి చేసిపెట్టమన్నాడు.

ఫోటోలకు రాజీ చెప్పిన మందు ఇంకొకటి ఉంది. ప్రతి ఫోటో వెనక అందులో ఏముందో నాలుగు మాటలు రాసిపెడితే ఆ గొంతు దాన్ని చదువుతుంది. కహ్కషాన్ మొదట ‘బ్యాండు సభ్యులు’ అని రాసింది. రాసి, కళ్ళు మూసుకుని, ఆ ముక్క తాను వింటే ఏం తెలుస్తుందా అని ఆలోచించింది. ఏమీ తెలియలేదు. దాంతో ఫోటో తీసుకుపోయి తల్లి ముందు పెట్టింది.

“అమ్మీ, ఇందుల ఏమున్నది?”

“నీకు కండ్లు లేవా?”

“లేవనుకో. నువ్వు చెప్పు.”

కుబ్రా బీ పొయ్యి దగ్గర్నుంచి లేచి, చేతులు తుడుచుకుని, ఫోటో దూరంగా పట్టుకుంది. “ఏమున్నది! ఎర్రకోట్లేసుకొని వరుసగ నిలబడ్డరు. పెద్ద బాకాయనకు బొజ్జకు గుండీ పట్టలే. డోలాయన కెమెరాను చూడుమంటె పక్కింటి దిక్కు చూస్తుండు. నడిమిట్ల మీ నాయిన. టోపీ వంకర పెట్టుకున్నడు. పెండ్లినాడు గూడ గంతే, సక్కగ పెట్టుకోవయ్యా అని నేను చెప్తనే ఉన్న, ఆయన వింటనే ఉన్నడు.”

కహ్కషాన్ అది ఉన్నదున్నట్టు కొట్టేసింది. ఒక్క పెళ్ళి ముక్క మాత్రం తీసేసింది.

మిగిలిందల్లా మోత. ఆ విషయం ఎత్తగానే ఫకీర్ అహ్మద్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“బ్యాండోడు పెండ్లింటికి వొయ్యి నోరు మూసుకొని నిలబడాల్నా? మా నాయిన పద్ధతి అది. తూకమేసి అమ్ముకుంట గని మూగ బ్యాండును పెట్టుకోను.”

“అబ్బా, ఇంటి పెద్దమనిషి చెయ్యెత్తితె నువ్వేం జేస్తవు?”

“ఆపుత.”

“ఆపకుంటె?”

“ఆపకుంటె బ్యాండెట్లయితది? లొల్లయితది.”

“మహబూబాబాద్‌ల ఒకామె నా ముంగట చెయ్యెత్తింది అబ్బా. కండ్లు లేని మనిషి. నీ బ్యాండు ఆగలే. ఆగదు గూడ, ఎందుకంటె నేను దానికి చెయ్యి కనబడేటట్టు చెయ్యలే. ఇప్పుడు చేస్త. వినుండ్రి అని ఒకటి, ఆపుండ్రి అని ఒకటి, రెండు మీటలు పెడ్త. వాళ్ళు అడిగితె మోగుతవు, చెయ్యెత్తితె ఆగుతవు. నీ పద్ధతే కదా?”

ఫకీర్ అహ్మద్‌కు కోపం దిగేటప్పుడు టోపీ తీసి తల గోక్కునే అలవాటు. టోపీ తీశాడు.

“ఆపుండ్రి అన్నది పెద్దగ పెట్టు” అన్నాడు చివరికి. “చెయ్యి చిన్నగుంటె దూరమున్నోనికి కనబడదు.”

అంతా అయ్యాక కహ్కషాన్ రాజీకి ఫోన్ చేసి, ఒకసారి చూడమని అడిగింది. రాజీ ‘చూస్త’ అంది. ఆ ‘చూస్త’ తర్వాత రోజులు గడిచాయి, సమ్మె కూడా ముగిసింది. బస్సులు రోడ్డెక్కాయి. పెంబర్తి సేటు ఒకసారి వచ్చి, బాకాను వేలితో తట్టి, ఎప్పుడు రమ్మంటావని అడిగి పోయాడు.

మొదటి ఫోను భూపాలపల్లి గనుల కాలనీ నుంచి వచ్చింది. డ్యూటీలో ఉండగా ఎవరికీ వినబడకుండా పాటల పట్టికంతా చదువుకున్నానని, బిడ్డ పెళ్ళికి రావాలని అతను అన్నాడు. ఎట్ల దొరికిందన్నా మా సైటు అని కహ్కషాన్ అడిగితే, “గూగుల్‌ల జనగామ బ్యాండు అని కొట్టిన, మీదే ముంగట వచ్చింది” అన్నాడు, అదేదో మామూలు సంగతన్నట్టు. ఆ తర్వాత చిల్పూర్ నుంచి ఒకరు. కళ్ళు మసకబారిన ఒక ముసలి పంతులు, తన కంప్యూటర్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివానని చెప్పి, బొమ్మైతే పెద్దది చేస్తే చెదిరిపోతుంది, ఇది చెదరలేదని మెచ్చుకుని మరీ మనవడి పెళ్ళికి కుదుర్చుకున్నాడు. ఒక్క మనిషికి దారి చేద్దామని తీసిన గోడ అది. ఇప్పుడు అందులోంచి ఎవరెవరో వస్తున్నారు. కహ్కషాన్ ప్రతి ఫోనుకూ ‘మీకు ఎట్ల తెల్సింది, ఏది నచ్చింది, యాడ కష్టమైంది’ అని అడిగి అడిగి వాళ్ళ ప్రాణం తీసేది.

“ఫోన్ల మాటలు ఫోన్లనే ఉంటయి. సేటుకు ఇచ్చిన మాట నోటి మాట” అనేవాడు ఫకీర్ అహ్మద్. ఎన్ని పెళ్ళిళ్ళు కుదిరినా, ఈ ఏడు గడిచినా వచ్చే ఏడు ఏమవుతుందోనని ఆయన గుండెలో పీచు పీచుమంటూనే ఉంది. కార్తీకం పెళ్ళిళ్ళు వాయించి బాజాలు ఇచ్చేస్తానని సేటుకు కబురు పంపాడు.

రాజీ ఫోను అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. “అంతా చదివిన చెల్లే. మా తమ్మునికి గూడ నేనే చదివి చెప్పిన. రాండ్రి” అని మాత్రం అని పెట్టేసింది.

పెళ్ళినాడు కహ్కషాన్ కూడా మేళంతో వ్యాను ఎక్కింది. పొద్దు బారెడెక్కాక తండా మొదట్లో దిగారు. పిల్లలు పరుగెత్తుకొచ్చారు, ఆడవాళ్ళు పందిరి కింది నుంచి తొంగిచూశారు. బాకాయన అలవాటు కొద్దీ బుగ్గలు పూరించాడు. ఫకీర్ అహ్మద్ వెనక్కి తిరిగి వద్దన్నట్టు తలూపాడు. మేళమంతా బిత్తరపోయి, ఎర్రకోట్లతో, చప్పుడు లేకుండా, పందిరి దాకా నడిచి వచ్చింది. ఆయన జీవితంలో పెళ్ళింటికి అలా వెళ్ళడం అదే మొదలు. పందిరి ముందు కుర్చీలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న రాజీ ఎదుటికి పోయి నిలబడ్డాడు.

“అమ్మా, నేను ఫకీర్ అహ్మద్‌ను. మేళం వచ్చింది. మోగించమంటవా?”

రాజీ లేచి నిలబడి చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఆయన భుజాన్ని తాకి, మెడ మీదుగా తల మీదికి పోయి, టోపీని తడిమింది. ఎడమ పక్కకు ఒరిగి ఉంది.

“మీరేనన్నట్టు” అంది రాజీ. “టోపీ వంకర పెట్టుకునేటాయన. గుండీ పట్టని ఆయన యాడున్నడు? పక్కింటి దిక్కు చూసేటాయన?”

మేళంలో ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. ఫకీర్ అహ్మద్ నవ్వలేదు. ఈ తల్లి తన ముఖం ఎన్నడూ చూడలేదు, చూడబోదు; అయినా తనను పోల్చుకుంది. వందల బరాత్‌లలో తన ముందు నుంచి నడిచిపోయిన కళ్ళున్న మనుషుల్లో ఒక్కరు తన టోపీని చూసి ఉంటారా? ఆయన క్లారినెట్ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“మోగించుండ్రి” అంది రాజీ.

మోత తండా అంతటా నిండిపోయింది. దస్రును బయటికి తెచ్చారు. ఆడవాళ్ళు చేతులు కలిపి ఆట మొదలుపెట్టారు. మేళం ఒక పాటలోంచి ఇంకో పాటలోకి మళ్ళుతుండగా ఫకీర్ అహ్మద్ జేబులో ఫోను అదిరింది. క్లారినెట్ ఒక చేత పట్టుకుని, ఫోను చెవికి ఆనించి, “ఎవరు? ఏంది? వినబడ్తలేదు!” అని అరిచాడు. పక్కనే ఉన్న కహ్కషాన్ తొంగి పేరు చూసింది. పెంబర్తి సేటు.

ఫకీర్ అహ్మద్ ఇంకోసారి అరిచాడు. వినబడలేదు. అప్పుడాయన ఒక్క క్షణం ఆలోచించి, క్లారినెట్ కహ్కషాన్ చేతికిచ్చి, ఖాళీ అయిన తన చెయ్యి పైకెత్తాడు.

డోలు కర్ర గాలిలో ఆగింది. బాకా ఊపిరి బుగ్గల్లోనే నిలిచింది. ఆడుతున్నవాళ్ళు ఆగి చూశారు. తండా అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన మాట అందరికీ వినబడింది.

“రాకు సేటు. మాటిచ్చిన, తప్పు నాదే, మాఫ్ చెయ్యి. బాజాలు అమ్ముతలేను. నా బిడ్డ పని పెట్టింది మాకు.”

ఫోను జేబులో వేసుకున్నాడు. చెయ్యి ఇంకా పైనే ఉంది. కహ్కషాన్ కళ్ళు తుడుచుకుని తండ్రి క్లారినెట్ తండ్రికిచ్చింది.

“ఏమాయె? ఎందుకాగింది?” అని అడిగింది రాజీ.

“చెయ్యెత్తిండు అక్క” అంది కహ్కషాన్.

“దించుమను మరి.”

ఫకీర్ అహ్మద్ చెయ్యి దించాడు.